దంతపు పలక మీద రాణిగారు
(తృతీయ సంవత్సరం బి.యస్సీ., రసాయన శాస్త్రం)

మాది రావులపాలెం దగ్గర ఒక చిన్న పల్లెటూరు. సొంతంగా రెండెకరాల వరి చేను, లంకలో కౌలుకి తీసుకున్న అరటి తోట, అదీ మా ఆస్తి. ఇంతకంటే గొప్పగా చెప్పుకోవటానికి మా ఇంట్లో ఒకే ఒక్క వస్తువుంది. తాతయ్య భోషాణంలో, పట్టుగుడ్డలో చుట్టి దాచిన కోడిగుడ్డు ఆకారపు బొమ్మ. అరచేతిలో సగం కూడా ఉండదు. ఇత్తడి చట్రం, పైన అద్దం. లోపల పక్కకి తిరిగిన ఒక స్త్రీ ముఖం, తలమీద కలికితురాయి, మెడనిండా ముత్యాలు, చేతిలో గులాబీ. ముఖం లోపల దీపం పెట్టినట్టు మెత్తగా వెలుగుతూ ఉంటుంది.

జమీందారీలు రద్దయిన రోజుల్లో, అంటే 1948 చట్టం వచ్చిన తర్వాత, ఒక దివాణంలో సామాను వేలం వేస్తుంటే మా ముత్తాత ఆ బొమ్మ కొన్నాడట. పది బస్తాల ధాన్యం ఖరీదు పెట్టాడట. "ఏనుగు దంతం మీద రాసిన రాణీగారి బొమ్మ, రెండొందల ఏళ్ళనాటిది" అని అమ్మినవాళ్ళు చెప్పారట. అప్పట్నించీ మా ఇంట్లో ఆవిడ పేరు రాణిగారే. దసరాకి ఒకసారి బయటికి తీసి, దణ్ణం పెట్టి, మళ్ళీ లోపల పెట్టేస్తాం.

2022 జూలైలో వచ్చిన గోదావరి వరదకి మా అరటి తోట మొత్తం పోయింది. పెట్టుబడికి తెచ్చిన అప్పు మాత్రం పోలేదు. ఆ అప్పు ఇంకా వడ్డీ పెడుతూనే ఉంది. కిందటి వేసవిలో టౌను నుంచి ఒక బేరగాడు వచ్చి, బొమ్మ చూసి, నలభై వేలు ఇస్తానన్నాడు. "రశీదులూ అవీ వద్దండి, మూడో కంటికి తెలియకూడదండి" అని కూడా అన్నాడు. నాన్నగారు వారం గడువు అడిగి, సాయంత్రం నన్ను పిలిచారు. "ఏరా, అంత చదువు చదువుతున్నావు గదా, ఇది అసలో నకిలీయో తేల్చగలవా? అసలుదైతే నలభై వేలు తక్కువేమో!" అన్నారు.

ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతూ నేను చదివినదీ చూసినదీ ఈ వ్యాసం. చిత్రకళ గురించి నాకు పాండిత్యం లేదు. ఒక సైన్సు విద్యార్థికి అర్థమైనంత వరకే చెబుతాను.

బుల్లి బొమ్మకి సిందూరం పేరు

ఇటువంటి చిత్రాలను ఇంగ్లీషువారు మినియేచర్ అంటారు. చిన్నది కాబట్టి ఆ పేరు వచ్చిందని నేనూ అనుకున్నాను. నిజానికి ఆ మాట లాటిన్‌లోని 'మినియం' నుంచి వచ్చింది. మినియం అంటే ఎర్ర సీసం, మనం సిందూరం అని పిలిచే సీసపు ఆక్సైడు. పూర్వం ఐరోపాలో రాతప్రతుల్లో మొదటి అక్షరాలను ఆ రంగుతో అలంకరించేవారు. ఆ పని పేరే తర్వాత పుస్తకాల్లోని చిన్న చిత్రాలకీ, చివరికి అన్ని చిన్న బొమ్మలకీ వచ్చింది. కెమిస్ట్రీ విద్యార్థికి ఇంతకంటే మంచి ప్రవేశం ఏముంటుంది?

ఫోటో లేని కాలంలో ఈ బొమ్మలకున్న విలువ మనం ఊహించుకోవాలి. దూరదేశపు రాజకుమార్తెను చూడకుండానే సంబంధం మాట్లాడుకోవాలంటే బొమ్మే పంపాలి. యుద్ధానికి పోయేవాడు భార్య రూపాన్ని వెంట తీసుకుపోవాలంటే బొమ్మే గతి. పదహారో శతాబ్దంలో ఇంగ్లండులో నికొలాస్ హిలియర్డ్ అనే చిత్రకారుడు ఎలిజబెత్ రాణి బొమ్మలు రాశాడు. అప్పటికి దంతం వాడుకలోకి రాలేదు. దూడతోలును పల్చగా సాపు చేసి, దాన్ని ఒక్కోసారి పేకముక్క మీద అతికించి, ఆ తోలు మీద రాసేవారు.

దంతాన్ని ఇందులోకి తెచ్చిన ఘనత ఒక స్త్రీది. వెనిస్ నగరానికి చెందిన రొసాల్బా కరియేరా నశ్యం డబ్బీల మూతల మీద బొమ్మలు రాస్తూ దంతం పలకను ఎన్నుకుంది. 1705లో రోము నగరపు చిత్రకారుల అకాడమీ ఆమెను సభ్యురాలిగా చేర్చుకుంది. అక్కడికి ఆమె పంపింది దంతం మీద రాసిన బొమ్మే. తర్వాత కొద్ది సంవత్సరాలకే ఇంగ్లండులో బెర్నార్డ్ లెన్స్ అదే పద్ధతి మొదలుపెట్టాడు. పద్ధెనిమిదో శతాబ్దం చివరికి రిచర్డ్ కాస్వే, జార్జి ఎంగిల్‌హార్ట్, జాన్ స్మార్ట్ వంటివారి చేతుల్లో ఈ విద్య శిఖరానికి చేరింది. 1830లో నాలుగో జార్జి రాజు చనిపోయినప్పుడు, లోకానికి చెప్పకుండా పెళ్ళాడిన స్త్రీ బొమ్మను మెడలో ఉంచే సమాధి చేశారంటారు. ఆ బొమ్మ కాస్వే రాసినది.

దంతం మీదనే ఎందుకు?

కాగితం ఉండగా, తోలు ఉండగా, ఏనుగును చంపి మరీ దంతం ఎందుకు తెచ్చుకున్నారు? దీనికి జవాబు ఫిజిక్సులో ఉంది.

దంతంలో సుమారు మూడింట రెండు వంతులు ఖనిజం. అది మన ఎముకల్లోనూ పళ్ళలోనూ ఉండే కాల్షియం ఫాస్ఫేటు జాతిదే. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కొల్లాజెన్ అనే ప్రోటీను, కొంత నీరు. ఈ ప్రోటీను దారాల మధ్య ఖనిజం సన్నసన్నగా అల్లుకుని ఉంటుంది. మిల్లీమీటరు కంటే పల్చగా కోసిన పలక మీద వెలుతురు పడితే, కొంత పైనుంచే వెనక్కి తిరుగుతుంది, కొంత లోపలికి దిగి, అటూఇటూ చెదిరి, మళ్ళీ పైకి వస్తుంది. మనిషి చర్మం కూడా సరిగ్గా ఇదే పని చేస్తుంది. అందుకే సున్నం కొట్టిన గోడ తెలుపు వేరు, పసిపిల్ల బుగ్గ తెలుపు వేరు. దంతం మీద పల్చని నీటిరంగు వేస్తే వెలుతురు ఆ రంగును దాటి లోపలికి పోయి, రంగును మోసుకుంటూ బయటికి వస్తుంది. ముఖం లోపల దీపం ఉన్నట్టు కనబడటానికి కారణం ఇదే. కొందరు చిత్రకారులు ముఖం వచ్చేచోట పలక వెనక వెండి రేకు కూడా అతికించేవారు, వెలుగు ఇంకా ఎక్కువగా తిరిగి రావాలని.

ఈ సంగతి అర్థం చేసుకోవటానికి ఎక్కడికో పోనక్కరలేదు. రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి ఒకసారి వెళ్ళి రండి. 1897లో పుట్టి, 1925లో ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే మశూచికంతో పోయిన ఆ మహా చిత్రకారుడు, రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి వెళ్ళి చదువుకున్నవాడు. ఆయన నీటిరంగు చిత్రాల ముందు నిలబడి, వెలుతురు ఎక్కడినుంచి వస్తోందో గమనించండి. పల్చని రంగు వెనక నుంచి కాగితం తెలుపే తొంగిచూస్తుంది. నీటిరంగులో వెలుగంటే అడుగున ఉన్నదాని వెలుగే. అడుగున కాగితానికి బదులు దంతం ఉంటే ఏమవుతుందో అప్పుడు తేలిగ్గా తెలుస్తుంది.

పలక తయారీ, బొమ్మ రాత

దంతం నున్నగా, జిడ్డుగా ఉంటుంది. నీటిరంగు దానికి అంటుకోదు, తామరాకు మీద నీళ్ళలా పక్కకి జారిపోతుంది. అందుకని మొదట పలకను ఎండలో పెట్టి తెల్లబరిచేవారు. తర్వాత ప్యూమిస్ రాయి పొడితో మెల్లగా రుద్ది నునుపు పోగొట్టి, జిడ్డు తీసేవారు. రంగుకి తుమ్మబంక జాతి బంక కలిపేవారు. ఆరాక పెచ్చులు లేవకుండా కొంచెం పంచదారగాని తేనెగాని చేర్చేవారు.

ఆ పైన అసలు పరీక్ష. కాగితం మీద లాగా కుంచె నిండా రంగు ముంచి పూస్తే, కింది పూత కరిగి లేచిపోతుంది. కనుక కుంచె మొనతో చుక్కలుగా, సన్న గీతలుగా పేర్చుకుంటూ పోవాలి. మన దేశపు చిత్రకారులు ఇందుకు ఉడుత వెంట్రుకల కుంచెలు వాడేవారు. ముత్యాల మీద మెరుపు కావాలంటే రంగు వేయటం కాదు, వేసిన రంగునే సూదిమొనతో గీకి తీసెయ్యాలి. భూతద్దం పెట్టి చూస్తే బుగ్గ మీద వందల చుక్కలు కనిపిస్తాయి. అద్దం తీసేస్తే ఒక్క చుక్కా కనబడదు. నారుమడి దగ్గరినుంచి చూస్తే వేరువేరు మొలకలు, గట్టు మీదనుంచి చూస్తే ఒకటే పచ్చదనం. అటువంటిదే ఇది కూడాను.

మద్రాసు వచ్చిన జాన్ స్మార్ట్

ఇప్పుడు మన వైపు వద్దాం. పైన చెప్పిన జాన్ స్మార్ట్ 1785లో మద్రాసు వచ్చి పదేళ్ళు అక్కడే ఉన్నాడు. అప్పటికి మన గోదావరి మండలం కంపెనీ చేతుల్లోకి పోయి ఇరవై ఏళ్ళయింది, పెత్తనమంతా మద్రాసు నుంచే. స్మార్ట్ అక్కడ కంపెనీ దొరల బొమ్మలతోబాటు, ఆర్కాటు నవాబు మహమ్మదలీ వాలాజా బొమ్మా, ఆయన కుమారుల బొమ్మలూ రాశాడు. ఇండియాలో రాసిన బొమ్మలకు గుర్తుగా తన పొడి అక్షరాల కింద సంవత్సరమూ, ఇండియా అనే మాటలోని మొదటి ఇంగ్లీషు అక్షరమూ వేసేవాడు. రాచకుటుంబపు బొమ్మలు దంతం మీద రాయటం అనే విషయానికి మన దక్షిణాదిలో ఇంతకంటే గట్టి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఈ బొమ్మల వెనక ఒక అప్పుల కథ ఉంది. రైతుబిడ్డను గనుక నా చూపు అటే పోయింది. నవాబు కంపెనీ ఉద్యోగుల దగ్గర అధిక వడ్డీలకు లక్షలకు లక్షలు అప్పు చేశాడు. వడ్డీకింద జిల్లాల శిస్తు వసూళ్ళు రాసిచ్చేవాడు. ఋణదాతల్లో చాలామంది రాత్రికి రాత్రి లక్షాధికారులై ఇంగ్లండు తిరిగి వెళ్ళారు. స్మార్ట్ మద్రాసు చేరిన ఆ 1785లోనే, ఎడ్మండ్ బర్క్ ఇంగ్లండు పార్లమెంటులో ఆర్కాటు నవాబు అప్పుల మీద పేరుపడ్డ ఉపన్యాసం ఇచ్చాడు. మన నెల్లూరు సీమ కూడా 1801 దాకా ఆ నవాబు ఏలుబడిలోదే. అంటే ఆ వడ్డీ చివరికి కట్టినవాడు తెలుగు రైతు కూడా.

1773లో వచ్చిన చట్టం కంపెనీ ఉద్యోగులు ఇక్కడి ప్రభువుల దగ్గర కానుకలు పుచ్చుకోరాదని కట్టడి చేసింది. బంగారం పుచ్చుకోవటం నేరమైనచోట, చిత్తరువులు ఇచ్చిపుచ్చుకోవటం మర్యాదగా చెలామణి అయింది. దంతం మీద నవాబుగారి ముఖం చూస్తే ఎంత ప్రశాంతంగా ఉంటుందో! ఆ ముఖానికి పెట్టిన ఖర్చు ఎక్కడిదో బొమ్మలో కనబడదు. 1795లో నవాబు కన్నుమూశాడు. అదే సంవత్సరం స్మార్ట్ ఇంగ్లండు వెళ్ళిపోయాడు.

విశాఖపట్నం దంతపు పని

తెలుగువారికి దంతం పరాయిదేమీ కాదు. విశాఖపట్నం పనివారు పదిహేడో శతాబ్దం చివరినుంచే కర్రసామాను మీద దంతం పొదగటంలో ఆరితేరారు. నల్లచేవ, టేకు, గంధపు చెక్కలతో పెట్టెలు, కుర్చీలు చేసి, దంతపు రేకులు తాపి, వాటిమీద పూలూ లతలూ సన్నగా గీరి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. ఓడరేవు పక్కనే ఉండటంవల్ల ఈ సామాను సముద్రాలు దాటి ఇంగ్లండు చేరింది. నేటికీ లోకంలోని గొప్ప మ్యూజియంలలో ఆ సామానును విశాఖపట్నం పేరుతోనే పిలుస్తారు.

ఒక తేడా గమనించాలి. మద్రాసులో స్మార్ట్ దంతం మీద రంగు పూశాడు. విశాఖలో మనవాళ్ళు దంతాన్ని గీరి లక్క నింపారు. పూసిన రంగుకు తడి తగిలితే పోతుంది, నింపిన లక్క చెక్కుచెదరదు. దంతపు పనిలో ఎన్ని రీతులున్నాయో చూడాలనుకునే మిత్రులు హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో దంతపు వస్తువులకు ప్రత్యేకించిన గదిని తప్పక చూడాలి. 1951లో ప్రారంభమైన ఆ మ్యూజియం 1968 నుంచి మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలో నడుస్తోంది.

పరదా చాటు రాణులు

ఉత్తరాదిలో కథ మరోలా నడిచింది. 1803లో ఢిల్లీ ఇంగ్లీషువారి వశమయ్యాక, అక్కడి చిత్రకారులు తాతలనాటి కాగితం వదిలి, దొరలు మెచ్చే దంతపు పలకలు పట్టుకున్నారు. మొగలు చక్రవర్తుల వరసలూ, తాజమహలూ, కోటలూ చిన్నచిన్న గుడ్డు ఆకారపు పలకల మీద రాసి అమ్మేవారు. వాటిని నగల్లోనూ పెట్టెల మూతల్లోనూ పొదిగేవారు.

వీటిలో ఎక్కువ గిరాకీ ముంతాజ్ మహలుకీ, నూర్‌జహానుకీ. అయితే పరదాలో బతికిన బేగంలను ఈ చిత్రకారుల తాతముత్తాతలు కూడా చూసి ఉండరు. ముంతాజ్ పోయింది 1631లో. రెండు వందల ఏళ్ళ తర్వాత రాసిన ముఖం ఆమెది ఎలా అవుతుంది? పక్కకి తిరిగిన ముఖం, కలికితురాయి, ముత్యాలు, చేతిలో పువ్వు: ఇది ఊహలో పుట్టి, ఒకరిని చూసి ఒకరు దింపుకుంటూ పోయిన అచ్చు. ఇది చదివినప్పుడు నాకు గుండె ఝల్లుమంది. మా రాణిగారి చేతిలోనూ గులాబీయే!

1839లో పారిస్‌లో డాగేర్ ఫోటోగ్రఫీని ప్రకటించటంతో బుల్లి చిత్రాల కాలం చెల్లిపోయింది. హైదరాబాదులో లాలా దీన్‌దయాళ్ ఆరవ నిజాము కొలువులో ఫోటోగ్రాఫరై పేరు తెచ్చుకున్నాడు. 1892లో ఆయన ఘోషా స్త్రీలకోసం ప్రత్యేకంగా ఒక స్టూడియో తెరిచాడు. అందులో పనంతా ఒక ఇంగ్లీషు వనిత చూసేది. చిత్రకారుడు దాటలేని పరదాను కెమెరా ఆ విధంగా దాటింది.

మా బొమ్మకు పరీక్ష

ఇక అసలు విషయం. దంతానికి పేరుపడ్డ గుర్తు ఒకటుంది. అడ్డంగా కోసిన ఏనుగు దంతంలో అల్లిక చాపలా ఒకదాన్నొకటి ఖండించే గీతలు కనబడతాయి. వీటిని ష్రెగర్ గీతలంటారు. నేను మా బొమ్మ చట్రం మెల్లగా విప్పి, భూతద్దంతో పలక వెనకవైపు వెతికాను. అల్లిక లేదు. అంతే, నకిలీ అని తేల్చేశాను.

మా మాస్టారు నవ్వారు. "తొందరపడ్డావోయ్. బొమ్మలకు దంతాన్ని నిలువుగా కోస్తారు. నిలువు కోతలో ఆ అల్లిక కనబడదు, కర్రలో ఉన్నట్టు హెచ్చుతగ్గుల జీర కనబడుతుంది. పుస్తకంలో గుర్తు చదివావు గాని, కోత ఎటో చదవలేదు" అన్నారు. సిగ్గుపడి మళ్ళీ మొదలుపెట్టాను.

ఈసారి డిపార్టుమెంటు మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. ఎముక అయితే నెత్తురు నాళాలు పోయిన దారులు నల్లని సన్న గుంటలుగా కనబడాలి. అవి లేవు, కనుక ఎముక కాదు. గీతలు మాత్రం ఉన్నాయి, అయితే రూళ్ళకర్రతో కొట్టినట్టు తిన్నగా, సమదూరంలో ఉన్నాయి. ప్రకృతి ఇంత క్రమంగా గీతలు కొట్టదు. అనుమానం సెల్యులాయిడ్ మీదికి పోయింది.

సెల్యులాయిడ్ పుట్టుకే దంతానికి బదులుగా. బిలియర్డు బంతులకు దంతం చాలక కొత్త పదార్థం కనిపెట్టినవారికి పదివేల డాలర్ల బహుమతి ప్రకటిస్తే, అమెరికాలో జాన్ వెస్లీ హయట్ ఆ ప్రయత్నంలో పడ్డాడు. 1870లో సెల్యులోజ్ నైట్రేటులో కర్పూరం కలిపి, వేడిమీద ఒత్తి పదార్థం తయారుచేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. దువ్వెనలు, బొమ్మలు, హార్మోనియం మెట్ల మీది తెల్ల రేకులు ఎన్నో దానితో వచ్చాయి. దంతంలా కనబడాలని లేతపసుపు, తెలుపు పొరలు ఒకదానిమీద ఒకటి వేసి, చారలు కూడా పెట్టేవారు.

కర్పూరం అనేసరికి నాకు అమ్మ మాట గుర్తొచ్చింది. ఆ బొమ్మ దగ్గర హారతి వాసన వస్తుందని అమ్మ ఎప్పుడూ అనేది. రాణిగారి మహిమ అనుకునేది. కాని మా భోషాణం ఉన్నది దేవుడి గదిలో. వాసన పలకదో, పక్కనున్న కర్పూరపు డబ్బాదో ఎలా చెప్పటం? కనుక దాన్ని రుజువుగా తీసుకోకూడదనుకున్నాను.

మా ఊరి కంసాలి "సూది కాల్చి గుచ్చండి, తేలిపోతుంది" అన్నాడు. నేను వద్దన్నాను. సెల్యులాయిడ్ తుపాకిమందుగా వాడే గన్‌కాటన్‌కి దగ్గరి చుట్టం. నిప్పు తగిలితే భగ్గుమంటుంది. నీళ్ళలో ముంచి సాంద్రత కొలుద్దామంటే నీటిరంగు కరిగిపోతుంది. అందుకని మొదటి సంవత్సరం ప్రాక్టికల్సులో చేసిన పనే చేశాను. వెర్నియర్‌తో పొడవూ వెడల్పూ, స్క్రూగేజితో మందమూ, త్రాసులో బరువూ చూశాను.

పొడవు 6 సెంటీమీటర్లు, వెడల్పు 4.8 సెంటీమీటర్లు. గుడ్డు ఆకారం గనుక వైశాల్యం సుమారు 22.6 చదరపు సెంటీమీటర్లు. మందం 0.8 మిల్లీమీటరు. అంటే ఘనపరిమాణం 1.81 ఘన సెంటీమీటర్లు. బరువు 2.5 గ్రాములు. భాగిస్తే సాంద్రత 1.38 వచ్చింది. దంతం సాంద్రత 1.7 నుంచి 1.9 దాకా ఉంటుంది. ఆ లెక్కన మా పలక దంతమైతే మూడు గ్రాములు దాటి తూగాలి. సెల్యులాయిడ్ సాంద్రత 1.4కి కొంచెం అటూఇటూ. కొలతల్లో నూటికి అయిదు తప్పు పోయినా ఫలితం మారదు. చివరికి అతినీలలోహిత దీపం కింద పెట్టి చూశాను. దంతమైతే నీలిరంగు కలిసిన తెలుపుతో మెరవాలి. మాది మసక పసుపుగా ఉండిపోయింది. గీతలు, సాంద్రత, వెలుగు: మూడు సాక్ష్యాలూ ఒకే మాట చెప్పాయి. అప్పుడు అమ్మ చెప్పిన కర్పూరం వాసనను నాలుగో సాక్ష్యంగా చేర్చుకున్నాను.

కనుక మా రాణిగారు 1870కి ముందు పుట్టి ఉండటానికి వీల్లేదు. ఏ దివాణపు రాణీ కాదు, ఊహలో పుట్టిన ముంతాజ్ అచ్చు. కాని ఒక్క మాట. మైక్రోస్కోపు కింద ఆవిడ బుగ్గ మీద చుక్కలు చూశాను. అవి అచ్చుయంత్రం చుక్కలు కావు. చేత్తో, ఓపిగ్గా పెట్టినవి. పలక నకిలీదే గాని పని నకిలీది కాదు.

చట్టం సంగతి

అసలుదైతే ఏమయ్యేది? ఇది మిత్రులందరూ తెలుసుకోవాలి. ఎందుకంటే పాత ఇళ్ళలో దంతపు సామాను ఇంకా ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 1977లో ఏనుగును మొదటి షెడ్యూలులో చేర్చారు. 1986 సవరణతో మన దేశపు దంతం వ్యాపారం, 1991 సవరణతో ఆఫ్రికా దంతం వ్యాపారం కూడా నిషేధించారు. 1989లో అంతర్జాతీయ ఒడంబడిక ఆఫ్రికా ఏనుగు దంతాన్ని కూడా నిషేధపు జాబితాకు ఎక్కించింది. తాతలనుంచి వచ్చిన దంతాన్ని ఇంట్లో ఉంచుకోవాలంటే అటవీశాఖకు తెలియజేసి యాజమాన్య పత్రం తీసుకోవాలి. అమ్మటం, కొనటం నేరం. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు. పాతదైనా, బుల్లిదైనా అంతే. రశీదు వద్దన్న బేరగాడికి ఈ సంగతి బాగా తెలుసు. తెలియనిది మాకే.

దంతపు బొమ్మలు ఇంట్లో ఉన్నవారికి మరో మూడు మాటలు. ఎండ తగలనివ్వకండి, ఎర్ర రంగులు ముందు వెలిసిపోతాయి. తడిగుడ్డతో తుడవకండి. వానాకాలపు చెమ్మకు ఉబ్బి, ఎండాకాలానికి ముడుచుకుని పలక వంకర తిరిగి చీలుతుంది, కనుక ఒకే తీరు వాతావరణంలో ఉంచండి. మా గోదావరి జిల్లాల చెమ్మకు ఈ మాట మరీ వర్తిస్తుంది.

లాభమేంటి?

ఫలితం పట్టుకుని ఇంటికి వెళ్ళాను. నాన్నగారు అరుగు మీద కూచుని అంతా విన్నారు. విని, "అసలుదైతే అమ్మకూడదంటివి. నకిలీదైతే కొనేవాడు లేడంటివి. మరి ఈ చదువుకి లాభమేంట్రా?" అన్నారు.

నాకు వెంటనే జవాబు తోచలేదు. అమ్మే అందుకుంది. "లాభం లేకపోవటమేంటండీ? వాడు చూడకపోతే ఎల్లుండి మీరు ఆ బేరగాడికి దంతం అని చెప్పి అమ్మేసేవారు. దంతమైతే జైలు, కాకపోతే మోసం. రెండూ తప్పినాయి గదా!" అంది.

నాన్నగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత బేరగాడికి ఫోను చేసి, "అమ్మటం లేదండి ఆయ్, అది దంతం కాదంట" అని చెప్పేశారు. అవతలివాడు దంతం కాకపోయినా అయిదు వేలిస్తానన్నాడట. ఎవరికి దంతమని చెప్పి అమ్ముకుంటాడో మాకు అర్థమయింది. నాన్నగారు దానికీ ఒప్పుకోలేదు. అప్పు అలాగే ఉంది. ఈ ఏడు అరటి గెలలు బాగా దిగితే కొంత తీరుతుందని మా ఆశ.

మా ముత్తాత పది బస్తాల ధాన్యం పోసి కొన్నది దంతమూ కాదు, రాణీ కాదు. అయినా ఆయన్ని నేను తప్పుపట్టను. శిస్తు కట్టి కట్టి అలిసినవాడు, జమీందారీ పోయిన రోజున దివాణపు వస్తువొకటి తన ఇంటికి తెచ్చుకోవాలనుకున్నాడు. అంతే. అమ్మ ఇప్పుడు బొమ్మను కర్పూరానికీ దీపానికీ దూరంగా, చల్లని అల్మరాలో పెట్టింది. దసరాకి బయటికి తీయటం మాత్రం మానలేదు. దణ్ణం ఎవరికమ్మా అంటే, "ఇన్ని చుక్కలు ఓపిగ్గా పెట్టినవాడికి" అంటుంది.